కాలాన్ని కూడబెట్టే వెండి

ఫోటో అంటే క్షణాన్ని పట్టి నిలిపేది అన్న అభిప్రాయం జనంలో ఎంత బలంగా నాటుకుపోయిందంటే, దానిని ఎవరూ ఆగి ప్రశ్నించరు. పెళ్లిపందిట్లో తీసే ఫోటోకు, క్రికెట్ మైదానంలో తీసే ఫోటోకు ఆ మాట చాలావరకు సరిపోతుంది కూడా. కానీ కొండలను, చెట్లను, సముద్రాన్ని, మబ్బులను వస్తువుగా తీసుకుని నలుపు తెలుపు ఫిల్ముపై పనిచేసిన కళాకారుల చిత్రాలను వరుసగా పరిశీలిస్తే ఆ అభిప్రాయం నిలవదు. మనిషి కన్ను మసకవెలుతురులో సైతం సుమారు సెకనులో పదో వంతు కాలంలో అందిన కాంతిని మాత్రమే ఒక దృశ్యంగా గ్రహించి, వెంటనే దానిని వదిలేసి తర్వాతి దృశ్యానికి వెళుతుంది. అందుకే చీకటికి అలవాటు పడ్డాక, ఎంతసేపు తేరిపార చూసినా చీకటిలోని వస్తువు ఒక హద్దు దాటి స్పష్టపడదు. ఫిల్ముకు అలా వదిలేసే గుణం లేదు. షట్టరు తెరిచి ఉన్నంతసేపూ తన మీద పడిన వెలుతురునంతటినీ అది చేర్చుకుంటూ పోయి, చివరికి మొత్తాన్ని మాత్రమే చూపిస్తుంది. హుండీలో పడ్డ నాణేలలో ఏది పొద్దున పడిందో, ఏది సాయంత్రం పడిందో చెప్పలేనట్టే, ఆ మొత్తంలో ముందువెనకల జాడ ఉండదు. ప్రకృతిని, కాలాన్ని కలిపి చూపదలచిన ఛాయాచిత్రకారులు ఆధారపడినది ఈ ఒక్క గుణం మీదనే, వారి కళ చాలావరకు ఎంత కాలాన్ని కూడబెట్టాలి, దానిని ఎలా ఖర్చు చేయాలి అన్న నిర్ణయాలలోనే ఉంది.

ఈ సంగతి ఛాయాచిత్రం పుట్టిన నాడే బయటపడింది. ఫ్రాన్స్‌లోని సాంలూ ద వారెన్ అనే పల్లెలో నిసెఫోర్ నియెప్స్ తన ఇంటి మేడ కిటికీలోంచి 1826లోనో 1827లోనో తీసిన చిత్రం, కెమెరాతో ప్రకృతి దృశ్యాన్ని పట్టిన వాటిలో నేటికి మిగిలిన అతి పాతది. తగరం ప్రధానంగా ఉన్న లోహపు పలకకు ఒక రకం తారు పూసి తీసిన ఆ చిత్రానికి కనీసం ఎనిమిది గంటల వెలుతురు అవసరమైంది. ఆ లోపల సూర్యుడు తూర్పు నుంచి పడమటికి నడిచిపోవడంతో, పెరటికి రెండు పక్కలా ఉన్న గోడల మీద ఒకేసారి ఎండ పడినట్టు కనిపిస్తుంది. అటువంటి ఎండ భూమి మీద ఏ క్షణంలోనూ ఉండదు. 1838లో లూయీ డాగేర్ పారిస్‌లోని రద్దీ వీధి ఒకదానిని తీసినప్పుడు ఇదే గుణం మరో రూపంలో కనిపించింది. కొన్ని నిమిషాలపాటు పలక తెరిచి ఉండడంతో నడిచే మనుషులు, పరుగెత్తే బండ్లు ఏవీ నమోదు కాలేదు, చెప్పులకు పాలిష్ చేయించుకుంటూ నిలబడిపోయిన ఒక వ్యక్తి ఆకారం మాత్రం దక్కింది. నిలిచినది మిగిలి, కదిలినది కరిగిపోవడం అనే ఈ నియమం అప్పటివారికి లోపంగా తోచింది. సరిగ్గా ఆ లోపాన్నే నూరేళ్ల తర్వాతి కళాకారులు కోరి తెచ్చుకున్నారు.

నలుపు తెలుపు ఫిల్ము పనిచేసే తీరు తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ మీద జిలెటిన్ అనే పలుచని జిగురు పొర ఉంటుంది. పశువుల ఎముకలు, చర్మాల నుంచి తీసే ఆ జిలెటిన్‌లో వెండి, బ్రోమిన్ కలిసిన లవణపు సూక్ష్మ స్ఫటికాలు కోట్లకొద్దీ పరుచుకుని ఉంటాయి. వెలుతురు తగిలిన స్ఫటికంలో కొన్ని వెండి పరమాణువులు విడివడి ఒకచోట గుమిగూడుతాయి. నాలుగైదు పరమాణువులు చేరితే చాలు, ఆ స్ఫటికానికి వెలుతురు తగిలిందన్న గుర్తు పడుతుంది. కంటికి కనబడని ఈ గుర్తుల సమూహాన్ని గుప్తబింబం అంటారు. డెవలపర్ అనే ద్రావణంలో ముంచినప్పుడు గుర్తుపడిన స్ఫటికాలు మొత్తంగా నల్లని లోహపు వెండిగా మారతాయి, గుర్తుపడనివి దాదాపుగా అలాగే ఉండిపోతాయి. ఆ తర్వాత, స్టూడియోలవారు హైపో అని పిలిచే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం మారని లవణాన్ని కడిగేస్తుంది. వెండి లవణాలను కరిగించే శక్తి హైపోకు ఉందని 1819లోనే గుర్తించినవారు జాన్ హెర్షెల్. ఇలా మిగిలిన నెగెటివ్‌లో వెలుతురు పడిన చోటు నలుపుగా, నీడ ఉన్న చోటు తెల్లగా ఉంటుంది. దానిలోంచి మరోసారి వెలుతురును పంపి వెండి లవణం పూసిన కాగితం మీద వేస్తే అసలు దృశ్యం నలుపు తెలుపుల్లో తిరిగివస్తుంది. కాబట్టి గ్యాలరీ గోడ మీద కనిపించే నల్లని రాయి, నల్లని నీరు, నల్లని ఆకాశం అన్నీ అక్షరాలా వెండి పొడే.

ఇందులో జిలెటిన్ పాత్ర గురించి ఒక చిత్రమైన సంగతి ఉంది. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే ఆంగ్ల వైద్యుడు జిలెటిన్ పలకలను ప్రతిపాదించాక, కొన్ని జిలెటిన్‌లు ఫిల్మును చురుగ్గా, మరికొన్ని మందకొడిగా చేయడం తయారీదారులను చాలాకాలం వేధించింది. 1920లలో కొడాక్ పరిశోధనశాలలో శామ్యూల్ షెపర్డ్ దీనికి కారణం కనిపెట్టారు. పశువులు మేసిన ఆవజాతి మొక్కల్లోని గంధకపు పదార్థం జిలెటిన్‌లోకి అతి స్వల్పంగా చేరి, వెండి స్ఫటికాలకు వెలుతురును పట్టే శక్తిని పెంచుతోందని తేలింది. ఘాటైన ఆవనూనెకు ఆ ఘాటునిచ్చే పదార్థమూ అదే.

తొలినాటి పలకలకు మరో పరిమితి ఉండేది. వెండి లవణాలు సహజంగా నీలం, ఊదా కాంతులకే స్పందిస్తాయి. ఆకుపచ్చ, ఎరుపు వాటికి దాదాపు చీకటితో సమానం. అందువల్ల నేల సరిగ్గా నమోదయ్యేంతసేపు పలకను తెరిచి ఉంచితే నీలాకాశం అతిగా నమోదై మబ్బులన్నీ మాయమయ్యేవి, ఆకాశం కోసం తక్కువసేపు తెరిస్తే నేల చీకటయ్యేది. పందొమ్మిదో శతాబ్దపు ప్రకృతి చిత్రాలలో ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉండడానికి కారణం ఇదే. 1856–57 ప్రాంతంలో సముద్ర చిత్రాలు తీసిన ఫ్రెంచి కళాకారుడు గుస్తావ్ ల గ్రే కొన్ని చిత్రాలలో సముద్రాన్ని ఒక నెగెటివ్‌పై, మబ్బులను మరో నెగెటివ్‌పై తీసి, దిగంత రేఖ దగ్గర రెంటినీ అతికించి ఒకే ప్రింటుగా వేశారు. వేర్వేరు వేళలు ఒకే కాగితం మీదికి వచ్చిన ఆ చిత్రాలను చూసినవారు వాటిని ఒక్క క్షణపు దృశ్యాలుగానే ఆస్వాదించారు. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త కొన్ని రంగు పదార్థాలను కలిపితే వెండి లవణాలు ఇతర వర్ణాలకూ స్పందిస్తాయని కనుగొన్న తర్వాత, అన్ని రంగుల కాంతినీ నమోదు చేసే పాంక్రోమాటిక్ ఫిల్ము క్రమంగా సాధ్యమైంది. దానితోపాటు రంగు అద్దాల, అంటే ఫిల్టర్ల ఉపయోగమూ పెరిగింది. కటకం ముందు ఎర్ర అద్దం పెడితే నీలి కాంతి ఆగిపోయి ఆకాశం నల్లబడుతుంది, తెల్లమబ్బు పైకి ఉబికి వస్తుంది. పచ్చ అద్దం పెడితే ఆకులు తేలికపడతాయి. రంగులు లేని చిత్రంలో ఏ రంగు ఏ బూడిద ఛాయగా మారాలో నిర్ణయించే స్వేచ్ఛ కళాకారుడి చేతికి వచ్చిన ఘట్టం ఇది. నలుపు తెలుపు చిత్రాన్ని రంగులు తీసేసిన చిత్రంగా భావించేవారు గమనించని విషయం కూడా ఇదే.

భారతదేశంలో ఈ పని ఎంత శ్రమతో సాగిందో శామ్యూల్ బోర్న్ హిమాలయ యాత్రలు తెలియజేస్తాయి. 1863లో ఈ దేశానికి వచ్చిన బోర్న్ తడి కొలోడియన్ పద్ధతిలో పనిచేశారు. ఈ పద్ధతిలో గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరిపోకముందే, అంటే కొద్ది నిమిషాల్లోనే ఫోటో తీసి అక్కడికక్కడే కడగాలి. అందుకోసం గాజు పలకలు, రసాయనాలు, చీకటి గుడారం మోసే కూలీల బృందంతో ఆయన కొండలెక్కి, 1866లో 18,600 అడుగుల ఎత్తున ఉన్న మణిరంగ్ కనుమ దగ్గర ఫోటోలు తీశారు. అంత ఎత్తులో ఫోటో తీసిన ఘనత ఆ తర్వాత సుమారు రెండు దశాబ్దాలు ఆయనదిగానే నిలిచింది. ఆయన భాగస్వామిగా ఉన్న కలకత్తా స్టూడియో బోర్న్ అండ్ షెపర్డ్ 2016లో మూతపడింది.

ఇరవయ్యో శతాబ్దంలో ప్రకృతి ఛాయాచిత్రకళకు శాస్త్రీయమైన పునాది వేసినవారిలో అమెరికాకు చెందిన ఆన్సెల్ ఆడమ్స్ ముఖ్యులు. 1927 ఏప్రిల్ 10న యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ అనే శిఖరాన్ని తీస్తూ, పసుపు అద్దంతో తీసిన చిత్రంలో ఆకాశం పేలవంగా వస్తుందని గ్రహించి, మిగిలిన చివరి పలకను ముదురు ఎర్ర అద్దంతో తీశారు. కంటికి నీలంగా ఉన్న ఆకాశం చిత్రంలో దాదాపు నల్లగా మారి, శిల ఒక్కటే గంభీరంగా నిలిచింది. ఫోటో తీయకముందే తుది ప్రింటు ఎలా ఉండాలో మనసులో చూడగలగడం కళకు మూలమని ఆయన నమ్మడానికి ఆ అనుభవమే కారణం. 1932లో ఎడ్వర్డ్ వెస్టన్ మొదలైనవారితో కలిసి ఆయన ఏర్పరచిన ఎఫ్/64 బృందం, పెయింటింగును అనుకరిస్తూ కావాలని మసకబార్చిన ఫోటోలను తిరస్కరించి, ముందున్న గడ్డిపోచ నుంచి వెనకనున్న కొండ దాకా అంతా స్పష్టంగా కనిపించే చిత్రాలను కోరింది. కటకం గుండా వెలుతురు వచ్చే రంధ్రాన్ని బాగా కుదించినప్పటి కొలత నుంచే ఆ పేరు వచ్చింది. రంధ్రం కుదించిన కొద్దీ షట్టరు తెరిచి ఉంచాల్సిన సమయం పెరుగుతుంది కనుక, స్పష్టత కోరినవారు కూడా చివరికి కాలంతోనే బేరమాడవలసి వచ్చింది.

1940 ప్రాంతంలో ఆడమ్స్, ఆయన సహోద్యోగి ఫ్రెడ్ ఆర్చర్ కలిసి రూపొందించిన జోన్ పద్ధతి ఈ బేరాన్ని లెక్కలోకి తెచ్చింది. ఈ పద్ధతి దృశ్యంలోని వెలుగునీడలను చిక్కని నలుపు నుంచి స్వచ్ఛమైన తెలుపు దాకా 11 మెట్లుగా విభజిస్తుంది. వాటిని సున్నా నుంచి పది దాకా లెక్కిస్తారు, ఒక్కో మెట్టుకూ వెలుతురు రెట్టింపవుతుంది. నీడలోని వివరం ఎంత దక్కుతుందన్నది ప్రధానంగా షట్టరు తెరిచిన సమయంపై, తెలుపు ఎంత చిక్కబడుతుందన్నది ప్రధానంగా ఫిల్మును డెవలపర్‌లో ఉంచిన సమయంపై ఆధారపడతాయి. కనుక ఎండ, నీడల మధ్య తేడా విపరీతంగా ఉన్న నడిమధ్యాహ్నపు దృశ్యానికి నీడల కోసం ఎక్కువ వెలుతురు ఇచ్చి కడిగే సమయం తగ్గించవచ్చు. మబ్బుపట్టిన రోజు పేలవమైన దృశ్యానికి కడిగే సమయం పెంచి జీవం తేవచ్చు. పేరు విని భయపడే ఔత్సాహికులు ఎక్కువమంది ఉన్నా, దీని సారం రెండు గడియారాలను, అంటే కొండ దగ్గరి గడియారాన్ని, డార్క్‌రూమ్‌లోని గడియారాన్ని ఒకదానికొకటి జతపరచడమే.

ఆడమ్స్ చిత్రాల్లోకెల్లా ప్రసిద్ధమైన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’ కాలంతో పెనవేసుకున్న తీరు విడిగా చెప్పుకోదగ్గది. న్యూమెక్సికోలోని ఆ చిన్న ఊరి శ్మశానంలో తెల్లని శిలువలపై సాయంకాలపు చివరి ఎండ పడుతుండగా, వెనక మంచుకొండలపై చంద్రుడు లేస్తున్న దృశ్యం అది. దారిన పోతూ దానిని చూసి కారు ఆపిన ఆడమ్స్‌కు హడావిడిలో లైట్ మీటరు దొరకలేదు. అయితే పూర్ణచంద్రుడికి దగ్గరగా ఉన్న చంద్రబింబపు కాంతి తీవ్రత చదరపు అడుగుకు 250 క్యాండిల్స్ అని గుర్తుండడంతో, దాని ఆధారంగా లెక్కగట్టి, పసుపు అద్దంతో ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చారు. రెండో పలక సిద్ధం చేసేలోపే శిలువల మీది ఎండ పోయింది. విచిత్రమేమంటే, తేదీల విషయంలో శ్రద్ధలేని ఆడమ్స్ ఈ చిత్రానికి వేర్వేరు సంవత్సరాలు రాస్తూ వచ్చారు. చివరికి చిత్రంలోని చంద్రుడి స్థానాన్ని, కెమెరా నిలిపిన చోటును లెక్కించి డేవిడ్ ఎల్మోర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు 1941 అక్టోబర్ 31 అని చెప్పగా, ఆ లెక్కను 1991లో డెనిస్ డి సికో సవరించి, అది 1941 నవంబర్ 1 సాయంత్రం 4 గంటల 49 నిమిషాలని తేల్చారు. తీసినవాడు మరచిన సమయాన్ని ఆకాశం గుర్తుపెట్టుకుంది.

అయినా ఈ చిత్రం ఆ సాయంత్రంతో పూర్తికాలేదు. నేలభాగం పలుచగా నమోదైన నెగెటివ్ నుంచి ప్రింటు వేయడం ఎంతో కష్టం కావడంతో, ఆడమ్స్ 1948లో దాని కింది భాగానికి రసాయనంతో చిక్కదనం పెంచారు. తన జీవితకాలంలో ఈ నెగెటివ్ నుంచి ఆయన 1,300కు పైగా ప్రింట్లు వేశారు. తొలి ప్రింట్లలో ఆకాశంలో పలుచని మబ్బులు కనిపిస్తాయి, సంవత్సరాలు గడిచేకొద్దీ ఆకాశం ముదురుతూ పోయి, తర్వాతి ప్రింట్లలో దాదాపు కటికనలుపుకు చేరుతుంది. ఎన్‌లార్జర్ కింద కాగితంలో కొంత భాగాన్ని చేత్తోనో అట్టముక్కతోనో కప్పి వెలుతురు తగ్గించడాన్ని డాడ్జింగ్ అని, కొంత భాగానికి అదనంగా వెలుతురు ఇవ్వడాన్ని బర్నింగ్ అని అంటారు. ఆ మార్పులన్నీ ఈ పనులతోనే వచ్చాయి. పియానో వాద్యకారుడిగా శిక్షణ పొందిన ఆడమ్స్ నెగెటివ్‌ను స్వరలిపితోనూ, ప్రింటును కచేరీతోనూ పోల్చేవారు. ఒకే కృతిని నలభై ఏళ్లపాటు పాడుతూ వచ్చిన విద్వాంసుడి గొంతులో వయసుతోపాటు వచ్చే మార్పును ఈ ప్రింట్లను పక్కపక్కన పెట్టి చూసినవారు కళ్లారా గమనించగలరు. ఫోటో యథార్థానికి నకలు అని వాదించేవారికి ఇంతకన్నా గట్టి సమాధానం మరొకటి లేదు.

ఆడమ్స్ కాలాన్ని లెక్కగా చూస్తే, కాలిఫోర్నియాలోని మాంటెరే తీరంలో స్థిరపడిన విన్ బులక్ దానిని తత్త్వంగా చూశారు. గాయకుడిగా జీవితం మొదలుపెట్టి నడివయసులో ఛాయాచిత్రకళకు మళ్లిన బులక్ (1902–1975) స్థలం, కాలం విడదీయరానివన్న ఆధునిక భౌతికశాస్త్ర భావనతో ప్రభావితులై, చెట్టయినా రాయి అయినా వస్తువు కాదు, జరుగుతున్న ఘటన అని భావించారు. 1968లో తీసిన ‘సీ పామ్స్’ చిత్రంలో అలలు రాళ్లపై పడి లేస్తున్నంతసేపూ షట్టరు తెరిచే ఉంచడంతో, నురుగంతా కలిసి పొగమంచులా మారి, తీరంలోని చిన్నచిన్న రాళ్లు మేఘాల పైకి తేలిన పర్వత శిఖరాల్లా కనిపిస్తాయి. సముద్రం అలలుగా ఉంటుందన్నది కంటి అనుభవం. పోటు, ఆటుల మధ్య నీరు ఎక్కడెక్కడ ఎంతసేపు ఉందో చూపే ఈ మసక కూడా అంతే నిజమని ఆ చిత్రం నిలబడి వాదిస్తుంది.

దీర్ఘకాలపు ఎక్స్‌పోజర్‌లో ఫిల్ము తన లెక్కను తానే తప్పుతుంది. వెలుతురు సగానికి తగ్గితే సమయం రెట్టింపు చేస్తే చాలన్నది సాధారణ సూత్రం. ఒక సెకను దాటిన తర్వాత ఇది పనిచేయదు. అతి మందమైన వెలుతురులో స్ఫటికంలో తయారైన మొదటి వెండి పరమాణువు అస్థిరమైనది. దానికి తోడుగా రెండోది త్వరగా రాకపోతే అది తిరిగి లవణంగా మారిపోతుంది, అంతవరకు అందిన వెలుతురు వృథా అవుతుంది. నక్షత్రాల కాంతిని ఫోటోల ద్వారా కొలవడానికి వియన్నాలో ప్రయత్నిస్తూ 1899 ప్రాంతంలో ఈ తేడాను లెక్కగట్టినవారు కార్ల్ స్క్వార్జ్‌షిల్డ్. తర్వాతి కాలంలో కృష్ణబిలాల సరిహద్దు కొలతకు పేరు వచ్చింది కూడా ఈయన పేరు మీదనే. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్ ఫిల్ముకు తయారీదారు ఇచ్చిన లెక్క ప్రకారం, మీటరు 10 సెకన్లు చూపితే సుమారు 20 సెకన్లు, 100 సెకన్లు చూపితే సుమారు 7 నిమిషాలు, 1,000 సెకన్లు చూపితే 2 గంటల 20 నిమిషాలకు పైగా షట్టరు తెరిచి ఉంచాలి. ఈ నష్టం వెలుగు కన్నా నీడలకు ఎక్కువగా జరుగుతుంది కనుక, దీర్ఘకాలపు చిత్రాలలో చీకటి మరింత లోతుకు దిగి, వెలుగు దాని పైన తేలినట్టు కనిపిస్తుంది. చాలామంది కళాకారుడి శైలిగా మెచ్చుకునే ఆ గాఢతలో కొంత వాటా ఈ రసాయన వైకల్యానిది.

ఇంగ్లండ్‌లోని విడ్నెస్ అనే పారిశ్రామిక పట్టణంలో 1953లో పుట్టిన మైకేల్ కెన్నా ఈ వైకల్యాన్ని పూర్తిగా తన వశం చేసుకున్న కళాకారుడు. చదరపు నెగెటివ్ ఇచ్చే హాసెల్‌బ్లాడ్ కెమెరాను ట్రైపాడ్‌పై నిలిపి, నిమిషాల నుంచి రాత్రంతా, అంటే పది గంటల దాకా సాగే ఎక్స్‌పోజర్లు ఇస్తూ, ఆ లోపల మేఘాలు, నక్షత్రాలు, నీరు తమంతట తాము గీసే గీతలకు చోటిస్తారు. జపాన్ ఉత్తర ద్వీపం హొక్కైదోలో మంచు కాలంలో తీసిన ఆయన చిత్రాలలో తెల్లని కాగితం మీద సిరా గీతల్లాంటి చెట్లు, కంచెలు తప్ప మరేమీ ఉండదు. చిన్న ప్రింట్లకే ఆయన మొగ్గు. సుమారు ఎనిమిది అంగుళాల చదరంలో ఇమిడే ఆ ప్రింట్లను డార్క్‌రూమ్‌లో స్వయంగా వేస్తారు. ప్రింటును గోడంత పెంచి కళగా చెలామణి చేసే నేటి ధోరణి పక్కన ఈ పొదుపు ఎంతో హాయిగా అనిపిస్తుంది. హొక్కైదోలోని కుష్షారో సరస్సు ఒడ్డున నీటి మీదికి వంగిన ఒక చెట్టును ఆయన మళ్లీమళ్లీ తీశారు. ఆ చెట్టు నేడు లేదు. ఆయన తీసిన మరో వృక్షం, బీయే పట్టణం దగ్గర పొలంలో ఒరిగి నిలిచిన ‘తత్త్వవేత్త చెట్టు’, ఎంత పేరు పొందిందంటే దాన్ని చూడవచ్చిన పర్యాటకులు పొలాలను తొక్కేయసాగారు. ముసలిదైన ఆ చెట్టును 2016 ఫిబ్రవరిలో దాని యజమాని అయిన రైతు కూల్చివేయించారు. అందమైన చిత్రం తాను చూపిన చోటుకే చేటు తేవచ్చునన్న ఈ చిక్కుకు ఛాయాచిత్రకారుల దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

టోక్యోలో 1948లో పుట్టిన హిరోషి సుగిమోతో ఇదే దారిలో ఇంకా ముందుకు వెళ్లారు. 1970ల చివరలో మొదలుపెట్టిన సినిమాహాళ్ల పరంపరలో ఆయన సినిమా ఆరంభం నుంచి ముగింపు దాకా షట్టరు తెరిచి ఉంచారు. సెకనుకు 24 చొప్పున రెండు గంటల సినిమాలో 1,72,800 బొమ్మలు తెర మీద పడతాయి. అన్నీ ఒకే నెగెటివ్‌పై చేరగా మిగిలినది ధవళకాంతితో వెలిగే ఖాళీ తెర, ఆ వెలుగులో బయటపడ్డ హాలు గోడల శిల్పపు పని. 1980లో ప్రారంభించిన సముద్ర దృశ్యాలలో నీరు సగం, ఆకాశం సగం, మధ్యలో గీత తప్ప ఓడ గానీ పక్షి గానీ ఒడ్డు గానీ ఉండవు. ఆదిమ మానవుడు చూసిన దృశ్యాన్ని నేటి మనిషి యథాతథంగా చూడగలడా అన్న ప్రశ్న ఆయనను ఈ చిత్రాలకు నడిపించింది. నేల మీద అడవులు, కొండలు అన్నీ మారిపోయాయి కనుక సముద్రమే మిగిలిందని ఆయన తర్కం. అన్ని చిత్రాలూ ఒకేలా ఉన్నాయని తొలి చూపులో విసుక్కునేవారు ఉంటారు, దానిలో తప్పేమీ లేదు. పది చిత్రాలను వరుసగా చూశాకనే ఏ రెండు సముద్రాల గాలీ, తడీ ఒకటి కావని తెలుస్తుంది.

డిజిటల్ కెమెరాలు వచ్చాక దీర్ఘకాలపు ఎక్స్‌పోజర్ ఒక వాడుక పద్ధతిగా మారింది. వెలుతురును వెయ్యో వంతుకు తగ్గించే ముదురు బూడిదరంగు అద్దాన్ని కటకానికి తగిలిస్తే, సెకనులో 60వ వంతు చాలిన పట్టపగటి దృశ్యానికి 17 సెకన్లు పడుతుంది, జలపాతం పాలధారలా వస్తుంది. 19వ శతాబ్దపు ఛాయాచిత్రకారుడు తన పలక మందకొడితనాన్ని తిట్టుకుంటూ పొందిన ఫలితాన్ని నేటివారు డబ్బు పెట్టి కొన్న అద్దంతో పొందుతున్నారు. ఆ పాలనురుగు ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు లేని చిత్రాలు లెక్కకు మించి పుట్టడానికి కారణం ఫలితం వెంటనే తెరపై కనిపించడమే కావచ్చు. చేతిలో పన్నెండు చిత్రాల రోలు మాత్రమే ఉండి, ఒక్కోదానికి గంట పట్టేటప్పుడు, దేనికి అంత కాలం ఇవ్వాలన్న విచారణ షట్టరు నొక్కకముందే జరిగితీరాలి. బల్బ్ అనే అమరికలో గంటల తరబడి షట్టరు తెరుచుకునే పూర్తి యాంత్రిక కెమెరాకు బ్యాటరీ ఖర్చు లేదు. అదే డిజిటల్ సెన్సర్ వేడెక్కి చీకటి భాగాల్లో చుక్కలు పుట్టిస్తుంది. ఇవి చిన్న సౌకర్యాలే, ఫిల్ము ఇంకా బతికి ఉండడానికి అసలు కారణం మాత్రం ముందు చెప్పిన విచారణే.

భారతదేశం కూడా ఒకప్పుడు సొంత ఫిల్ము తయారుచేసుకుంది. 1960లో ప్రభుత్వరంగ సంస్థగా ఏర్పడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఊటీలోని కర్మాగారం నుంచి ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్ములు, కాగితం, ఎక్స్‌రే ఫిల్ములు అందించింది. రంగుల ఫిల్ము గిరాకీని తట్టుకోలేక 1990లలో ఖాయిలా పడి, తర్వాత మూతపడింది. నేటి ఔత్సాహికులు ఇంగ్లండ్, చెక్ రిపబ్లిక్, అమెరికా, జపాన్ సంస్థల ఫిల్ములపై ఆధారపడవలసిందే. తెలుగునాట పనిచేయదలచినవారికి ధరతోపాటు ఎండ కూడా సమస్యే. ఫిల్ము కడగడానికి ప్రామాణికమైన వేడి 20 డిగ్రీల సెల్సియస్ కాగా, విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో కుళాయి నీరు 30 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో డెవలపర్ పనిచేసే సమయం సగానికన్నా తగ్గిపోయి ఛాయలు అదుపు తప్పుతాయి, జిలెటిన్ మెత్తబడి సులభంగా గీతలు పడుతుంది. పాత్రను మంచుగడ్డల నీటిలో నిలిపి కడగడం ఇందుకు అనువైన ఉపాయం.

తేమ మరో శత్రువు. జిలెటిన్ జంతు పదార్థం కనుక గాలిలో తేమ ఎక్కువైతే దానిపై బూజు పెరుగుతుంది, హైపో పూర్తిగా వదిలేదాకా కడగని ప్రింటు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి వెలిసిపోతుంది. సెలీనియం ద్రావణంలో ముంచి వెండిని మరింత స్థిరమైన రూపంలోకి మార్చడం, పొడిగా ఉండే చల్లని చోట దాచడం దీనికి విరుగుడు. సరైన సంరక్షణ దొరికితే వెండి ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా 1880లలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు నెగెటివ్‌లు తార్కాణం. ఆయన ప్రధానంగా కట్టడాలను, కొలువులను తీసినవారే అయినా, ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్న 2,800కు పైగా నెగెటివ్‌ల నుంచి ఇప్పటికీ ప్రింట్లు వేయవచ్చు. అంత అదృష్టం అన్ని స్టూడియోల నెగెటివ్‌లకూ లేదు. పాత ఎక్స్‌రేలను, వాడేసిన హైపోను వెండి కోసం కొనే వ్యాపారులకు ఊళ్లలో కొదవ లేదు, వారి దృష్టిలో నలుపు తెలుపు నెగెటివ్‌కూ ఎక్స్‌రేకూ తేడా లేదు. తూకానికి అమ్మిన పెట్టెల్లో ఏ చెరువు, ఏ కొండ, ఏ కాలపు వెలుతురు ఉన్నదీ చూసేవారు ఉండరు, కడిగిన జిలెటిన్ బురద నుంచి వచ్చేది కొద్ది గ్రాముల లోహం.